పెడన నుంచి లండనుకు ఎంత దూరం?

కృష్ణాజిల్లా పటం తీసి బందరు ఎక్కడుందో వెతకండి. సముద్రం ఒడ్డునే కనిపిస్తుంది. మచిలీపట్నమన్నా, బందరన్నా ఒకటే. బందరు మీద వేలుపెట్టి నేరుగా ఉత్తరానికి జరపండి. పది కిలోమీటర్లు పోయేసరికి పెడన తగులుతుంది. గుడివాడ నుంచి బందరు పోయే రైలు ఈ ఊళ్ళో ఆగుతుంది. ఊరి చుట్టూ వరిచేలు, కాలువలు. ఊళ్ళోకి వెళితే మగ్గాల చప్పుడు, అద్దకం చేసేవాళ్ళ కార్ఖానాలు.

పెడన అద్దకానికి కలంకారీ అని పేరు. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో ముంచి ఆరబెడతారు. టేకు చెక్కమీద పువ్వులు, లతలు చెక్కిన అచ్చులు ఉంటాయి. పాత ఇనుమును బెల్లంనీళ్ళలో ఊరవేస్తే అద్దినచోట నలుపు వస్తుంది. పటిక నీళ్ళు అద్దిన గుడ్డను రంగుతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళనుంచి వచ్చేది. నీలిమందుతో నీలం. గుడ్డను పారే నీళ్ళలో జాడించాలి, ఎండలో పరవాలి, మళ్ళీ అద్దాలి, మళ్ళీ జాడించాలి. ఇది తొందరపడితే అయ్యే పని కాదు.

ఈ ఊరికీ లండనుకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని ఒక పెద్ద ప్రదర్శనశాల ఉంది. అక్కడ మన కోరమాండల్ తీరంలో తయారైన పాతకాలపు అద్దకం గుడ్డలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. ఆ గుడ్డలు వందల ఏళ్ళ క్రితమే ఇక్కడినుంచి అక్కడికి ప్రయాణం చేశాయి. ఈనాడు ఆ ప్రయాణం మనుషులు చేస్తున్నారు. డెల్టా గ్రామాలలో కొడుకో, కూతురో ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

అందుచేత ఈ నెల మనం ఒక ప్రశ్న వేసుకుందాం: పెడన నుంచి లండనుకు ఎంత దూరం?

ఒక్క అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. కాని ఈ ప్రశ్నకు మూడు జవాబులు ఉన్నాయి. భూమి చెప్పే జవాబు ఒకటి, దారి చెప్పే జవాబు ఒకటి, గడియారం చెప్పే జవాబు ఒకటి. వరసగా చూద్దాం.

దారంతో కొలవండి

మీ బడిలో గ్లోబు ఉంటే మాస్టారిని అడిగి తెచ్చుకోండి. ఒక సన్నని దారం కూడా కావాలి. ముందుగా భూమధ్యరేఖ వెంబడి దారాన్ని ఒక చుట్టు చుట్టి, ఆ మేరకు కత్తిరించండి. భూమధ్యరేఖ పొడవు సుమారు 40,000 కిలోమీటర్లు కనుక ఈ దారం 40,000 కిలోమీటర్లకు గుర్తు అన్నమాట.

ఇప్పుడు ఇంకొక దారం తీసుకోండి. ఒక కొన బందరు ఉండేచోట పెట్టి, రెండో కొనను లండను దాకా బిగువుగా లాగండి. వదులు ఉండకూడదు. ఆ ముక్కను మొదటి దారంతో పోల్చి చూడండి. అది సరిగ్గా అయిదోవంతు ఉంటుంది. 40,000లో అయిదోవంతు 8,000. భూమి చెప్పే జవాబు ఇదే: పెడన నుంచి లండనుకు సుమారు 8,000 కిలోమీటర్లు. మన ముత్తాతల కాలంలోనూ ఇంతే, మీ మునిమనుమల కాలంలోనూ ఇంతే.

దారాన్ని అలాగే పట్టుకుని, అది ఏ దేశాల మీదుగా పోతున్నదో చూడండి. మన రాజస్థాన్ వైపు మొదలై పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, కాస్పియన్ సముద్రం, రష్యా దక్షిణభాగం, ఉక్రెయిన్, పోలెండ్, జర్మనీ దాటి లండను చేరుతుంది.

ఇప్పుడు గోడమీద వేలాడే ప్రపంచపటం దగ్గరికి వెళ్ళి, ఆ రెండు చోట్లనూ రూళ్ళకర్రతో కలపండి. ఆశ్చర్యంగా ఉంటుంది! రూళ్ళకర్ర ఇరాన్, ఇరాక్, సిరియా, టర్కీల మీదుగా పోతుంది. కాస్పియన్ సముద్రం ఎక్కడో పైన ఉండిపోతుంది. దారం ఒక దారి చెబితే రూళ్ళకర్ర ఇంకొక దారి చెబుతున్నది. ఏది నిజం?

దారం చెప్పిందే నిజం. ఎందుకంటారా? నారింజతొక్కను ఒలిచి బల్లమీద పరచడానికి ప్రయత్నించండి. ఎక్కడో ఒకచోట చినగక తప్పదు. గుండ్రని భూమిని చదును కాగితం మీదికి తేవడం కూడా అటువంటి పనే. చినగకుండా ఉండాలని పటం గీసేవారు ఉత్తర, దక్షిణ ప్రాంతాలను సాగదీస్తారు. సాగిన కాగితం మీద తిన్నగా కనిపించే గీత, గుండ్రని భూమి మీద తిన్ననిది కాదు. హైదరాబాదు, లండను విమానాశ్రయాల మధ్య దారం పట్టి కొలిస్తే సుమారు 7,750 కిలోమీటర్లు. రూళ్ళకర్ర దారిన పోతే ఇంకా 240 కిలోమీటర్లు ఎక్కువ నడవాలి. పటం మీద వంకరగా కనిపించేదే దగ్గరిదారి!

ఊళ్ళు ఇంకా దూరమైతే ఈ వింత ఇంకా పెద్దదవుతుంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మన బెంగుళూరుకు సుమారు 14,000 కిలోమీటర్లు. గ్లోబు మీద ఆ రెంటినీ దారంతో కలిపి చూడండి. దారం తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. ఉత్తరధ్రువం వైపు ఎక్కుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి అలాగే ఉత్తరధ్రువం మీదుగా బెంగుళూరు వచ్చి దిగింది. దానిని నడిపినవారందరూ స్త్రీలే. వారికి నాయకురాలు కెప్టెన్ జోయా అగర్వాల్. ఎక్కడా ఆగకుండా సుమారు పదిహేడు గంటలు ప్రయాణం చేశారు.

గ్లోబు అనే ఓడ

ఇక దారి చెప్పే జవాబు. నాలుగువందల ఏళ్ళు వెనక్కి వెళదాం.

అప్పుడు బందరు గోలకొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. మహమ్మద్ కులీ కుతుబ్ షా గోలకొండను ఏలుతున్నాడు. పర్షియా వర్తకులు అప్పటికే బందరు వస్తూపోతూ ఉండేవారు. కలం అంటే రాసే కలం, కారీ అంటే పని; ఆ పేరు పర్షియా భాష నుంచి వచ్చిందే. డచ్చివారు కూడా అప్పటికే ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1611 సంవత్సరం మొదట్లో ఇంగ్లండు నుంచి ఈస్టిండియా కంపెనీవారి ఓడ ఒకటి బయలుదేరింది. కెప్టెన్ పేరు ఆంథొనీ హిప్పన్. ఓడ పేరు చెబితే మీరు నవ్వుతారు. దాని పేరు గ్లోబు!

దారం చూపిన దారి నేలమీదుగా ఉంది. ఓడ నేలమీద నడవదు కదా! సూయజ్ కాలువ అప్పటికింకా లేదు. అందుచేత గ్లోబు ఓడ ఆఫ్రికాఖండం చుట్టూ తిరిగి, దాని దక్షిణపు కొనను దాటి, హిందూమహాసముద్రం అంతా ఈది బందరు చేరింది. భూమి లెక్క ప్రకారం 8,000 కిలోమీటర్లే అయినా, ఓడ నడిచింది 20,000 కిలోమీటర్లకు పైనే. బయలుదేరినది చలికాలంలో. బందరు చేరేసరికి ఆగస్టు నెల. సుమారు 200 రోజులు!

లెక్కకట్టి చూడండి. 20,000ను 200తో భాగిస్తే రోజుకు 100 కిలోమీటర్లు. దారిలో మంచినీళ్ళకోసం, ఆహారంకోసం ఆగిన రోజులు కూడా ఇందులో కలిసే ఉన్నాయి. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానం ఆ 100 కిలోమీటర్లను ఏడు నిమిషాలలోపు దాటిపోతుంది.

ఓడ ఆగస్టులో చేరడం కూడా గాలి చలవే. జూను నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనం వీస్తుంది. తెరచాప ఓడలు ఆ గాలిని పట్టుకుని మన తీరానికి వచ్చేవి. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, సరుకును పడవలమీద ఒడ్డుకు చేర్చేవారు. గ్లోబు ఓడ వర్తకులు ఇక్కడ గుడ్డలు కొని, 1612లో తూర్పుదేశాలకు సాగిపోయారు. అక్కడి ద్వీపాలవారు మిరియాలకు, సుగంధద్రవ్యాలకు బదులుగా మన గుడ్డలే అడిగేవారు. తిరిగి ఆ ఓడ ఇంగ్లండు చేరింది 1615లో.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. ఆ రోజుల్లో లండనులో ఒక దుకాణదారుకు, ఎర్ర నేలమీద పువ్వులు కాదు, తెల్ల నేలమీద పువ్వులు కావాలని తోచిందనుకోండి. ఆ మాట బందరు చేరాలంటే ఆరేడు నెలలు. ఇక్కడ నేసి, అద్ది, ఓడకోసం కాచుకుని, సరుకు తిరిగి చేరాలంటే ఇంకొక సంవత్సరం. అంటే రమారమి రెండేళ్ళు! ఈలోగా అక్కడివారి ముచ్చట మారిపోవచ్చు. చట్టం కూడా మారిపోవచ్చు. మన అద్దకం గుడ్డలను జనం ఎగబడి కొంటూంటే తమ నేతగాళ్ళకు పని పోతున్నదని ఇంగ్లండు ప్రభుత్వం 1700లోను, మళ్ళీ 1721లోను చట్టాలు చేసి వాటిని అడ్డుకున్నది. ఆ చట్టం సంగతి ఇక్కడ కలం పట్టుకుని కూర్చున్న పనివానికి ఎప్పటికి తెలియాలి? దూరమంటే కాలికి నొప్పి మాత్రమే కాదు. కబురు ఆలస్యమైతే కడుపు కూడా మాడుతుంది.

ఏడు నెలలు ఏడు రోజులయ్యాయి

1869లో సూయజ్ కాలువ తెరిచారు. లండను నుంచి బొంబాయికి ఆఫ్రికా చుట్టూ అయితే సుమారు 19,800 కిలోమీటర్లు, సూయజ్ మీదుగా అయితే సుమారు 11,600 కిలోమీటర్లు. కాలువ ఒక్కటి తవ్వేసరికి ఎనిమిదివేల కిలోమీటర్ల దారి తగ్గింది. దానికితోడు ఆవిరి ఓడలు వచ్చాయి. వాటికి గాలికోసం కాచుకునే పని లేదు. నెలల ప్రయాణం మూడు, నాలుగు వారాలకు దిగింది.

1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే సంస్థ లండను నుంచి కరాచీకి విమానాలు నడపసాగింది. మధ్యలో కొంతదూరం రైలు ఎక్కాలి, మధ్యధరాసముద్రం మీద నీళ్ళపై దిగే విమానం ఎక్కాలి. మొత్తం ఏడు రోజులు పట్టేది. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా ఒక చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల సంచులు తెచ్చారు. బొంబాయి నుంచి మద్రాసుకు నెవిల్ విన్సెంట్ తీసుకుపోయారు. సీమనుంచి వచ్చే ఉత్తరం అలా దక్షిణదేశానికి రెక్కలమీద వచ్చింది.

1948 జూను 8న బొంబాయి నుంచి మన దేశపు విమానం మలబార్ ప్రిన్సెస్ లండనుకు బయలుదేరింది. కైరోలో, జెనీవాలో ఆగి జూను 10న లండను చేరింది. 1960లో జెట్ విమానాలు రావడంతో అది ఒక్కరోజు ప్రయాణమయింది. ఈనాడు హైదరాబాదులో ఎక్కితే ఎక్కడా ఆగకుండా పదిన్నర గంటల్లో లండనులో దిగవచ్చు.

కాలువలో పడవ, ఆకాశంలో విమానం

ఇంకొక వింత వినండి. హైదరాబాదు నుంచి లండను పోవడానికి పదిన్నర గంటలు పడితే, అదే దూరం తిరిగి రావడానికి గంటో, గంటన్నరో తక్కువే పడుతుంది. దూరం ఒకటే, విమానమూ ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది?

దీనికి సమాధానం మన డెల్టా కాలువల్లోనే ఉంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టిన తరువాత ఈ కాలువలన్నిటిలో పడవలు తిరిగేవి. ధాన్యం బస్తాలు, గుడ్డల మూటలు, పెళ్ళివారు అందరూ పడవల్లోనే. దిగువకు, అంటే బందరు వైపు, పడవ నీటివాలులో హాయిగా సాగేది. ఎగువకు పోవాలంటే మనుషులు గట్టుమీద నడుస్తూ తాడుతో లాగవలసి వచ్చేది.

ఆకాశంలో కూడా అటువంటి ప్రవాహం ఉంది. భూమికి సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుంచి తూర్పుకు గాలి ఒక నదిలాగా పారుతూ ఉంటుంది. దీనిని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని వేగం గంటకు రెండువందల కిలోమీటర్లు కూడా దాటుతుంది. లండను నుంచి మనవైపు వచ్చే విమానం వాలులో వచ్చే పడవ. ఇక్కడినుంచి లండను పోయేది ఎదురెక్కే పడవ.

ఒక చిన్న లెక్క చేయండి. దూరం 8,000 కిలోమీటర్లు, విమానం వేగం 900, గాలి వేగం 100 అనుకుందాం. ఎదురుగాలిలో వేగం 800. పది గంటలు పడుతుంది. వెనుకగాలిలో వేగం 1,000, ఎనిమిది గంటలే. అయితే గాలి రోజూ ఒకలాగే ఉండదు. అందుకే విమానం నడిపేవారు బయలుదేరే ముందు ఆనాటి గాలుల పటం చూసుకుంటారు. ఒక్కొక్కసారి దారం దారి వదిలి కొంచెం చుట్టు తిరిగినా, ఎదురుగాలి తప్పించుకుంటే ముందే చేరతారు.

రెండు గడియారాలు

ఇక గడియారం చెప్పే జవాబు. ఇది తెలియక ఒక ఇంట్లో ఎంత కంగారుపడ్డారో చెబుతాను.

కూతురి పురుడుకోసం ఒక అమ్మమ్మగారు మొదటిసారి ఒంటరిగా లండను ప్రయాణమయ్యారు. అది వేసవికాలం. టిక్కెట్టు మీద ‘హైదరాబాదులో బయలుదేరడం ఉదయం 7 గంటలు, లండను చేరడం మధ్యాహ్నం 1 గంట’ అని ఉంది. మనుమడు వేళ్ళమీద లెక్కపెట్టి, “అమ్మమ్మా, ఆరుగంటలే! మధ్యాహ్నం భోజనం వేళకు పిన్ని ఇంట్లో ఉంటావు,” అన్నాడు.

“పోనీలేరా నాన్నా, బస్సులో తిరుపతి వెళ్ళినంతసేపు కూడా కాదు,” అని ఆవిడ సంతోషించారు.

మరునాడు పెడనలో ఒంటిగంట కొట్టింది. తాతయ్య ఫోను దగ్గరే కూర్చున్నారు. రెండయింది. మూడయింది. ఫోను మోగలేదు. తాతయ్య లేచి వాకిట్లోకి, ఇంట్లోకి తిరగసాగారు. “విమానానికి ఏమయిందో ఏమో! లోపలే ఉన్నదో, దిగిందో, పిల్లకు కనిపించిందో లేదో!” అని పక్కింటివాళ్ళు కూడా పోగయ్యారు.

అప్పుడు ఎనిమిదో తరగతి చదివే పెద్దమనుమరాలు బడినుంచి వచ్చింది. టిక్కెట్టు చూసి, “తాతయ్యా, ఇది మన ఒంటిగంట కాదు. లండను ఒంటిగంట. అక్కడ ఒంటిగంట అయ్యేసరికి మనకు సాయంత్రం అయిదున్నర అవుతుంది. అమ్మమ్మ ఇంకా ఆకాశంలోనే ఉంది,” అన్నది.

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆరున్నరకు ఫోను మోగింది.

ఈ అయిదున్నర ఎలా వచ్చింది? భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. లండనులోని గ్రీనిచ్ దగ్గర సున్నా డిగ్రీల రేఖాంశం ఉంది. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. 1906 నుంచి ఇది అమలులో ఉంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. 82½ను 15తో భాగించండి. అయిదున్నర గంటలు! సూర్యుడు ముందు మనకు కనిపించి, తరువాత లండనుకు కనిపిస్తాడు. కనుక మన గడియారం అంతమేర ముందుంటుంది. అయితే ఇంగ్లండులో మార్చి చివరనుంచి అక్టోబరు చివరిదాకా గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకుంటారు. అందుచేత వేసవిలో తేడా నాలుగున్నర గంటలే.

పెడన ఉన్నది సుమారు 81 డిగ్రీల దగ్గర. 82½కు ఒకటిన్నర డిగ్రీ తక్కువ. అంటే పెడన సూర్యుడు గడియారంకంటే అయిదారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. కాకినాడవారికంటే నాలుగయిదు నిమిషాలు ఆలస్యంగా మనకు తెల్లవారుతుంది!

ఇప్పుడు టిక్కెట్టు లెక్క సరిచేద్దాం. వేసవిలో లండను ఒంటిగంట అంటే మన అయిదున్నర. ఉదయం ఏడునుంచి సాయంత్రం అయిదున్నరకు పదిన్నర గంటలు. తిరుగు టిక్కెట్టు మీద ‘లండనులో మధ్యాహ్నం 3, హైదరాబాదులో మరునాడు తెల్లవారుజామున 5’ అని ఉంటే పధ్నాలుగు గంటలని భయపడకండి. నాలుగున్నర తీసివేయండి. తొమ్మిదిన్నర గంటలే.

మూసిన దారులు

దారం చూపిన దారి మీకు గుర్తుందా? రష్యా దక్షిణభాగం, ఉక్రెయిన్ అందులో ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలయింది. ఉక్రెయిన్ మీదుగా ప్రయాణీకుల విమానాలు పోకుండా ఆకాశాన్ని మూసివేశారు. బ్రిటిష్ విమానాలను రష్యా తన మీదుగా రానివ్వలేదు. దానితో విమానాలు ఇంకా దక్షిణంగా, టర్కీ వైపునుంచి తిరిగి పోవలసి వచ్చింది. అంతకుముందు 2019లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని ఫిబ్రవరి చివరినుంచి జులై దాకా మూసింది. ఆ నెలల్లో ఢిల్లీనుంచి పడమటిదేశాలకు పోయే విమానాలు సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి.

చుట్టు తిరిగితే ఇంధనం ఎక్కువ కాలుతుంది, టిక్కెట్టు ధర పెరుగుతుంది, పురిటికి పోయే అమ్మమ్మ కూర్చోవలసిన గంటలు పెరుగుతాయి. గ్లోబు ఓడకు నేల అడ్డమయింది. సూయజ్ కాలువ తవ్వి ఆ అడ్డం తీశారు. విమానానికి నేల అడ్డం కాదు, సముద్రం అడ్డం కాదు. మనుషుల మధ్య తగవులు మాత్రం అడ్డమే. దేశాలు స్నేహంగా ఉంటే దూరం తగ్గుతుందనడం ఒట్టి మాట కాదు. కిలోమీటర్లలో కొలిచి చూపించవచ్చు.

పెడన గుమ్మంనుంచి లెక్క

ఆ అమ్మమ్మగారి ప్రయాణాన్ని మొదటినుంచి చివరిదాకా లెక్కకడదాం. సాయంత్రం 4 గంటలకు పెడనలో కారు ఎక్కారు. 6 గంటలకు గన్నవరం విమానాశ్రయం. రెండో ప్రపంచయుద్ధకాలంలో సైన్యం విమానాలకోసం ఏర్పరచిన చోటే అది. రాత్రి 8 గంటలకు అక్కడ ఎక్కి 9 గంటలకు హైదరాబాదు శంషాబాదులో దిగారు. నేరుగా కొలిస్తే 264 కిలోమీటర్లే. పెద్ద విమానం ఉదయం 7కు. అందాకా పది గంటలు కుర్చీలోనే కునుకుపాట్లు. తరువాత పదిన్నర గంటలు ఆకాశంలో. లండనులో దిగి, అధికారులకు కాగితాలు చూపించి, పెట్టె తీసుకుని బయటికి వచ్చేసరికి అక్కడి గడియారంలో రెండున్నర. మనకు రాత్రి 7.

నిన్న సాయంత్రం 4నుంచి ఈరోజు రాత్రి 7కు ఎన్ని గంటలు? ఇరవైయేడు. అందులో ఆకాశంలో ఉన్నది పదకొండున్నర గంటలు మాత్రమే. మిగిలిన పదిహేనున్నర గంటలు నేలమీదే గడిచాయి. విమానం ఎంత వేగంగా పోయినా ప్రయాణంలో సగం మనం కాచుకుని కూర్చున్నదే! పెద్దలు ప్రయాణం చేసేటప్పుడు విమానంలో ఎన్ని గంటలు అని మాత్రమే కాక, గుమ్మంనుంచి గుమ్మానికి ఎన్ని గంటలు అని లెక్కకట్టి చెప్పండి. మందులు, మంచినీళ్ళు, దుప్పటి ఆ లెక్కప్రకారం సర్దిపెట్టండి.

ఆ అమ్మమ్మగారి పెట్టెలో పుట్టబోయే బిడ్డకోసం పెడన అద్దకం దుప్పటి ఒకటి ఉంది. నాలుగువందల ఏళ్ళ క్రితం అటువంటి గుడ్డ ఇంగ్లండు చేరడానికి నెలలు పట్టింది. ఈ దుప్పటి ఇరవైయేడు గంటలలో చేరింది. కాని దానిని తయారుచేయడానికి మాత్రం ఇప్పటికీ అన్ని పనులూ చేయవలసిందే. కరక్కాయ పట్టాలి, పటిక అద్దాలి, ఉడికించాలి, కాలువనీళ్ళలో జాడించాలి, ఎండకోసం చూడాలి. మబ్బు పట్టిందంటే ఆగాలి. ఆ పనివారి కాలాన్ని ఏ జెట్ విమానమూ తగ్గించలేదు. గుడ్డ ధర అడిగేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవడం మంచిది.

ఇక మీ వంతు. మీ ఊరినుంచి సింగపూరుకు, సిడ్నీకి, న్యూయార్కుకు దారం పట్టి కొలవండి. అది ఏ దేశాల మీదుగా పోతున్నదో, ఏ సముద్రాలు దాటుతున్నదో ఒక కాగితం మీద వరసగా రాయండి. తరువాత ఆ ఊళ్ళ రేఖాంశాలు చూసి, మీరు బడిగంట కొట్టే వేళకు అక్కడ ఎంతవుతుందో లెక్కకట్టండి. మీ ఇంటివారిలో ఎవరైనా దూరదేశంలో ఉంటే వారికి ఫోను చేసి సరిచూసుకోండి. అర్ధరాత్రి పూట లేపకుండా చేస్తే మీ లెక్క సరిపోయినట్టే!